బడిలో ధర్మబోధ: ఇంటి వంతు, బడి వంతు, గుడి వంతు

తెలుగువారు అక్షరమాలను ఓనమాలు అంటారు. ‘ఓం నమః’ అన్న నమస్కారంతో అక్షరాభ్యాసం మొదలగుట చేత ఆ పేరు వచ్చినది. పూర్వం వీధిబడిలో చేరిన పిల్లవాడు ‘ఓం నమః శివాయ సిద్ధం నమః’ అని దిద్దిన తరువాతనే అకారం దిద్దేవాడు. చదువుకు మొదటి మెట్టు దైవస్మరణ అన్న భావన మన భాషలోనే ఇంతగా నాటుకొని ఉన్నది. ఇందులోని ‘సిద్ధం’ అన్న మాట మనకే కాక జైనులకు, బౌద్ధులకు కూడా అక్షరారంభ వేళ మంగళవాచకం. వేరువేరు మార్గాల వారు ఒకే పలక మీద కలిసిన గుర్తు అది.

ఇప్పుడు మన దేవస్థానానికి వచ్చే తల్లిదండ్రులలో అనేకులు ఒక మాట అడుగుచున్నారు. “మా పిల్లలు చదివే ప్రాథమిక పాఠశాలలో గీతాశ్లోకాలు ఎందుకు చెప్పరు? పురాణ కథలు ఎందుకు చెప్పరు? మీవంటి పెద్దలు బడికి వెళ్లి అడుగరాదా?” అని. వారి ఆవేదన సహజమైనది. మరొక వైపు బడి పంతుళ్లలో కొందరు, “చెప్పవచ్చునో చెప్పరాదో నిశ్చయం తెలియక మానివేయుచున్నాం” అంటారు. ఆ సంకోచం కూడా సహజమైనదే. ఈ ఇరువురికీ ఉపయోగపడునన్న ఆశతో, చిన్న తరగతుల పిల్లలకు ధర్మం ఎవరు చెప్పవలెను, ఎంత చెప్పవలెను, ఎట్లు చెప్పవలెను అన్న విషయాన్ని ఇక్కడ విచారించుదాం.

వీధిబడి నాటి సంగతి

“పూర్వం బడిలోనే అన్నీ చెప్పేవారు కదా” అని అనేకులు అంటారు. ఆ మాట నిజమే. దానికి వ్రాతపూర్వకమైన సాక్ష్యం కూడా ఉన్నది. 1822లో మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో తన ఏలుబడిలోని జిల్లాలన్నింటా దేశీయ పాఠశాలలు ఎన్ని ఉన్నవి, వాటిలో ఏమి బోధించుచున్నారు అని కలెక్టర్లను అడిగి లెక్కలు తెప్పించినాడు. మన విశాఖపట్నం జిల్లా కూడా అందులో చేరినదే. 1826లో మన్రో వ్రాసిన నివేదికను బట్టి మద్రాసు రాజధానిలో నాడు 12,498 పాఠశాలలు ఉండేవి.

ఆ కలెక్టర్లలో బళ్లారి జిల్లాకు చెందిన కాంప్‌బెల్ 1823లో పంపిన నివేదిక మిక్కిలి వివరమైనది. ఆ జిల్లాలోని 533 పాఠశాలల్లో 226 తెలుగు బడులు. పిల్లవానికి అయిదేండ్లు రాగానే పంతులును, బడిపిల్లలను ఇంటికి పిలిచి, గణపతి ప్రతిమ ఎదుట అందరూ కూర్చుండి, ధూపం వేసి, పిల్లవాని చేత విద్యాబుద్ధుల కొరకు ప్రార్థన చేయించి, బియ్యంలో వేలితో దేవుని పేరు వ్రాయించేవారని ఆయన వర్ణించినాడు. మన ఇళ్లలో నేటికీ జరుగుచున్న అక్షరాభ్యాసం ఇదే కదా.

అయితే ఆ బడి ఎవరిది? ఊరివారిది. పంతులుకు జీతం ఇచ్చేది తల్లిదండ్రులు. పిల్లలను పంపిన ఇళ్లవారు ఏది కోరితే అది పంతులు చెప్పేవాడు. ఇంటివారి ధర్మం, బడి ధర్మం ఒకటే గనుక తగవు లేదు. ఇంకొక సంగతి కూడా దాచక చెప్పుకొనవలెను. ఆ బడి తలుపు అందరికీ తెరచి ఉండేది కాదు. బాలికలు మిక్కిలి కొద్దిమంది. అనేక కులాల బిడ్డలు ఆ గడప తొక్కనే లేదు. నేటి మండల పరిషత్ బడిలో అన్ని ఇళ్ల పిల్లలు ఒకే చాప మీద కూర్చుండుచున్నారు. ఆ బడి ఖర్చు అన్ని మతాలవారు చెల్లించే పన్నుల నుండి వచ్చుచున్నది. వీధిబడికి, నేటి బడికి గల ముఖ్యమైన భేదం ఇదే. ఈ భేదాన్ని మరచి పాత బడిని తెచ్చి కొత్త బడిలో పెట్టమనుట న్యాయం కాదు.

రాజ్యాంగం ఏమి చెప్పుచున్నది?

ప్రభుత్వ పాఠశాలల్లో మతబోధ ఉండరాదన్న నియమం స్వతంత్ర భారతంలో కొత్తగా పుట్టినది కాదు. 1854లో ఆంగ్ల ప్రభుత్వం వారి విద్యావిధాన పత్రంలోనే ఈ తటస్థత కనిపించుచున్నది. స్వాతంత్ర్యం తరువాత మన రాజ్యాంగంలోని 28వ అధికరణం ఈ విషయాన్ని మూడు భాగాలుగా స్పష్టపరచినది.

మొదటిది, పూర్తిగా ప్రభుత్వ ధనంతో నడిచే విద్యాసంస్థలో మతబోధ చేయరాదు. రెండవది, ఒక ధర్మనిధి లేదా ట్రస్టు మతబోధ జరుగవలెనన్న షరతుతో స్థాపించిన సంస్థను ప్రభుత్వం నిర్వహించుచున్నచో అచట ఈ నిషేధం వర్తించదు. మూడవది, ప్రభుత్వ గుర్తింపు గానీ ప్రభుత్వ సహాయం గానీ పొందిన సంస్థలో మతబోధ జరిగినను, పూజాప్రార్థనలు జరిగినను, అందులో పాల్గొనవలసినదని ఏ విద్యార్థిని నిర్బంధించరాదు. విద్యార్థి మైనరు అయినచో సంరక్షకుల అంగీకారం ఉండవలెను.

ఈ మూడవ భాగాన్ని మనవారు శ్రద్ధగా గమనింపవలెను. అన్యమత సంస్థలు నడిపే పాఠశాలల్లో చదివే మన పిల్లలను కాపాడేది ఇదే. మన సంస్థలు నడిపే పాఠశాలల్లో చదివే అన్యమతాల పిల్లలను కాపాడేదీ ఇదే. ఒక గొడుగు ఇద్దరికీ నీడనిచ్చుచున్నది. మన వైపు మాత్రమే నీడ కావలెననుకొని రెండవ వైపు చించినచో ఆ గొడుగు ఎవరికీ పనికిరాదు.

మరి సంస్కృత విద్య సంగతి ఏమిటి? ఈ సందేహం 1948 డిసెంబరులో రాజ్యాంగ సభలోనే వచ్చినది. ప్రభుత్వం నడిపే సంస్కృత కళాశాలలో వేదాలు, స్మృతులు, గీత, ఉపనిషత్తులు చెప్పుచున్నారు కదా, అవి మూతపడునా అని పండిత లక్ష్మీకాంత మైత్ర ప్రశ్నించినారు. మతబోధ వేరు, శాస్త్రాధ్యయనం వేరు అని డాక్టర్ అంబేడ్కర్ సమాధానం చెప్పినారు. ఇది నమ్మి తీరవలెను అని సిద్ధాంతాన్ని ఉపదేశించుట మతబోధ. ఒక గ్రంథంలో ఏమి ఉన్నదో చదివి తెలుసుకొనుట అధ్యయనం. రాజ్యాంగం నిషేధించినది మొదటిదానిని గానీ రెండవదానిని కాదు.

తరువాత సుప్రీంకోర్టు కూడా ఇదే దారిన నడిచినది. గురునానకుని జీవితం, బోధనలు అధ్యయనం చేయుట మతబోధ కాదని 1971లో పంజాబుకు సంబంధించిన వ్యాజ్యంలో చెప్పినది. పాఠ్యప్రణాళికలో మతాలను గూర్చిన విజ్ఞానం చేర్చుట రాజ్యాంగ విరుద్ధం కాదని 2002లో అరుణా రాయ్ వ్యాజ్యంలో తీర్పు చెప్పినది. కనుక బడి పంతుళ్లు భయపడి పురాణకథ పేరెత్తకుండా ఉండవలసిన పని లేదు. ప్రహ్లాదుని కథను కథగా చెప్పవచ్చును. ఏసు, మహమ్మదు ప్రవక్త, బుద్ధుడు, మహావీరుడు, నానకుల జీవితాలను కూడా అంతే గౌరవంతో చెప్పవచ్చును. చెప్పిన తరువాత, “ఇక అందరూ ఈ దేవునికి మ్రొక్కండి” అన్నచో హద్దు దాటినట్లు.

బలవంతం మన సంప్రదాయం కాదు

రాజ్యాంగం చెప్పినది గనుక అయిష్టంగా ఒప్పుకొనవలెనా? అట్లు కాదు. మన పురాణమే ఈ మాట ఏనాడో చెప్పినది. భాగవతం సప్తమ స్కంధంలోని ప్రహ్లాద చరిత్రను ఒక బడి కథగా చదివి చూడండి.

హిరణ్యకశిపుడు కుమారుని చండామర్కుల వద్ద చదువుకు వేసినాడు. వారు శుక్రాచార్యుని పుత్రులు, శాస్త్రాలు తెలిసినవారు. వారికి అప్పగించిన పని, రాజు నమ్మినదానినే బాలుడు నమ్మునట్లు చేయుట. సామం చెప్పినారు, దండం చూపినారు. బాలుని మనస్సు మారలేదు. తరువాత తండ్రి ఏనుగులతో త్రొక్కించినాడు, విషం పెట్టించినాడు, కొండ మీద నుండి పడద్రోయించినాడు. అయినను మారలేదు. ఎందుచేత? ఆ భక్తి బడిలో పుట్టినది కాదు. తల్లి గర్భంలో ఉండగా నారదుడు ఆమెకు చెప్పిన మాటలు విని లోపల నిలుపుకొన్నది.

ఇందులో రెండు పాఠాలు ఉన్నవి. విశ్వాసాన్ని బలవంతంగా పెరికివేయలేము, బలవంతంగా నాటనూ లేము. హిరణ్యకశిపుడు చేసిన పనినే దైవం పేరు మార్చి మనం చేసినచో ఆయన పక్షాన నిలిచినట్లే అగును గానీ ప్రహ్లాదుని పక్షాన కాదు. ఇది ఒకటి. భక్తి మొలకెత్తే చోటు ఇల్లు, ముఖ్యంగా తల్లి ఒడి అన్నది రెండవది. మన జిల్లావారికి సింహాచలం దూరం కాదు. చందనోత్సవానికి పిల్లలను ఎత్తుకొని వెళ్లే ప్రతి తల్లికీ ఆ స్వామి ప్రహ్లాదవరదుడని తెలుసును. ఆ కథను పిల్లలకు చెప్పునప్పుడు చండామర్కుల బడి సంగతి విడువకుండా చెప్పవలెనని నా మనవి.

వల్లింపు చాలునా?

తల్లిదండ్రులు శ్లోకాల పోటీలకు ఎక్కువ విలువ ఇచ్చుచున్నారు. పిల్లవాడు ఒక అధ్యాయం అప్పగించినచో బహుమతి, చప్పట్లు. నేను కంఠస్థ విద్యను తక్కువ చేయను. అది మా పాఠశాల పద్ధతి. చిన్న వయసులో ధారణాశక్తి ఎక్కువ. అప్పుడు నోటికి వచ్చినది ముసలితనం దాకా వెంట వచ్చును. అయితే అది విద్యకు ఆరంభమే గానీ పూర్తి కాదు. అర్థం తెలియక వేదం వల్లించేవానిని యాస్కాచార్యుడు నిరుక్తంలో బరువు మోసే స్తంభంతో పోల్చినాడు. విద్య నాలుగు దశలలో సార్థకమగునని మహాభాష్యంలో పతంజలి చెప్పినాడు. గురువు వద్ద గ్రహించుట ఒకటి, తాను మననం చేసుకొనుట రెండు, పరులకు చెప్పుట మూడు, వ్యవహారంలో ఉపయోగించుట నాలుగు. మన పోటీలు మొదటి దశలోనే బహుమతి ఇచ్చి పంపివేయుచున్నవి.

కాంప్‌బెల్ దొర కూడా తన నివేదికలో ఈ లోపాన్నే ఎత్తిచూపినాడు. బడిపిల్లలు పద్యాలు చిలుక పలుకులవలె అప్పగించుచున్నారు గానీ వాటి అర్థం వారికి తెలియదనీ, కొన్ని చోట్ల పంతులుకే తెలియదనీ వ్రాసినాడు. పరదేశి అన్న మాట గనుక తోసివేయుదమా? యాస్కుడు అన్నదీ అదే కదా.

కనుక చిన్న తరగతుల పిల్లలకు ఏ శ్లోకం ఎన్నుకొనవలెను అన్నదానికి ఒక సులువైన కొలత చెప్పెదను. దాని భావాన్ని ఒక్క వాక్యంలో, పిల్లవానికి తెలిసిన మాటలతో చెప్పగలిగినచో ఆ శ్లోకం ఇప్పుడు నేర్పవచ్చును. చెప్పలేనిచో అది పై తరగతులకు. స్థితప్రజ్ఞ లక్షణం ఏడేండ్ల పిల్లవానికి అక్కరలేదు. సూర్యునికి, భూమికి, తల్లిదండ్రులకు, గురువుకు నమస్కరించే చిన్న శ్లోకాలు కావలసినన్ని ఉన్నవి.

ఇంకొకటి. తైత్తిరీయోపనిషత్తులో శీక్షావల్లి అన్న భాగం ఉన్నది. అది వర్ణం, స్వరం, మాత్ర, బలం, సామం, సంతానం అన్న ఆరింటితో, అనగా ఉచ్చారణ శాస్త్రంతో మొదలగుచున్నది. బ్రహ్మవిద్య చెప్పవలసిన గ్రంథం మొదట అక్షరం సరిగా పలకమన్నది. శ, ష, స భేదం తెలిసి పలుకుట, ఒత్తులు విడువకుండుట అన్ని మతాల పిల్లలకు అవసరమే. ఇది బడిలో నిస్సంకోచంగా చెప్పదగిన సంస్కారం.

బడి వంతు

ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల పంతులు చేయదగినది తక్కువ కాదు. తెలుగు వాచకాలలో శతక పద్యాలు ఉండనే ఉన్నవి. సుమతీ శతకం, వేమన పద్యాలు ఏ ఒక్క మతానివి కావు, తెలుగువారందరివి. వాటిని పరీక్ష కొరకు కాక, ఆ వారంలో తరగతిలో జరిగిన ఒక సంగతికి ముడిపెట్టి చెప్పినచో పిల్లవాడు మరచిపోడు. పంచతంత్రం, హితోపదేశం, జాతక కథలు పిల్లలకు అందించవలెనని 2020 నాటి జాతీయ విద్యావిధానమే పేర్కొన్నది. మన రాష్ట్ర ప్రభుత్వం 2024 నవంబరులో బ్రహ్మశ్రీ చాగంటి కోటేశ్వరరావు గారిని విద్యార్థుల నైతిక విలువల విషయంలో సలహాదారుగా నియమించినది. బడి మతం చెప్పరాదు గానీ నీతి విడువరాదు అన్న అభిప్రాయం అందరిలో ఉన్నదనుటకు ఇవి నిదర్శనాలు.

ఒక పాఠం ఎట్లు చెప్పవచ్చునో చూపెదను. ఛాందోగ్యోపనిషత్తులోని సత్యకాముని కథ బడిలో చేరదలచిన ఒక పిల్లవాని కథ. అందుచేత బడిపిల్లలకు బాగా తగినది. సత్యకాముడు గురుకులంలో చేరదలచి, తన గోత్రమేమని తల్లి జబాలను అడిగినాడు. “నాయనా, యౌవనంలో నేను అనేకచోట్ల పరిచర్య చేయుచు తిరుగు రోజులలో నీవు పుట్టినావు. నీ గోత్రం నాకు తెలియదు. నా పేరు జబాల, నీ పేరు సత్యకాముడు. నీవు సత్యకామ జాబాలుడవని చెప్పు” అని ఆమె చెప్పినది. అతడు గౌతముని వద్దకు వెళ్లి, గురువు అడిగినప్పుడు ఆ మాటలే దాచక చెప్పినాడు. గురువు సంతోషించి, సత్యం తప్పని ఇతడే విద్యకు అర్హుడని శిష్యునిగా స్వీకరించినాడు. తరువాత నాలుగు వందల బక్క ఆవులను అప్పగించగా, అవి వేయి అగువరకు తిరిగి రానని అతడు అడవికి వెళ్లినాడు. అచట ఎద్దు, అగ్ని, హంస, నీటిపక్షి అతనికి పాఠం చెప్పినవి.

కథ అయిన తరువాత పంతులు నీతిని తానే చెప్పివేయరాదు. పిల్లలను అడుగవలెను. “గురువు కోపగించునేమో అని సత్యకామునికి భయం వేసి ఉండునా? తల్లి నిజం చెప్పకపోయి ఉన్నచో ఏమగును? ఇంటిపేరు, కులం అడిగి స్నేహం చేయుట మంచిదా? ఎద్దు, పక్షి మనకు ఏమి నేర్పగలవు?” ఈ ప్రశ్నలకు ఏ మతపు పిల్లవాడైనను జవాబు చెప్పగలడు. తరువాత ఒక పని. ఈ వారంలో పలక పగులగొట్టినను, పెన్సిలు పోగొట్టినను ఉన్నది ఉన్నట్లు చెప్పవలెను. చెప్పిన పిల్లవానిని కొట్టరాదు. కొట్టినచో ఆ పాఠం అంతటితో సరి. ఇందులో పూజ లేదు, ప్రార్థన లేదు. ఉపనిషత్తు సారం మాత్రం పిల్లవాని లోపలికి చేరినది.

ఊరి కొండే పాఠ్యపుస్తకం

మన అనకాపల్లి పిల్లలకు మరొక భాగ్యం కూడా ఉన్నది. పట్టణానికి దగ్గరగా శంకరం గ్రామం వద్ద బొజ్జన్నకొండ, లింగాలకొండ ఉన్నవి. ఇవి బౌద్ధ క్షేత్రాలు. సంఘారామం అన్న పేరే శంకరం అయినదనీ, బుద్ధుని కొండే బొజ్జన్నకొండ అయినదనీ చెప్పుదురు. రాతిని తొలిచి చెక్కిన గుహలు, బుద్ధ విగ్రహాలు, ఇటుక కట్టడాలు అచట చూడవచ్చును. రెండవ కొండ మీద వరుసలుగా రాతిలో మలచిన చిన్న స్తూపాలు శివలింగాల వలె కనిపించుట చేత దానికి లింగాలకొండ అని పేరు వచ్చినది. 20వ శతాబ్ది తొలి దశకంలో పురావస్తు శాఖవారు అలెగ్జాండర్ రీ ఆధ్వర్యంలో ఇచట త్రవ్వకాలు జరిపినారు.

ఇటువంటి చోట ఇటీవలి కాలం వరకు ఒక ఆచారం ఉండేది. కనుమ నాడు కొండకు చేరిన జనం అచటి ఒక కట్టడాన్ని రాక్షసుని బొజ్జగా భావించి రాళ్లు రువ్వేవారు. వారసత్వ సంపదను కాపాడేవారు నచ్చజెప్పి దానిని మాన్పింప ప్రయత్నించినారు. రాళ్లు రువ్వినవారు దుర్మార్గులు కారు. పెద్దలు రువ్వినారు గనుక తామూ రువ్వినారు. ఆ కొండ ఎవరిదో, అచట ఎవరు ధ్యానం చేసినారో వారికి చిన్ననాడు ఎవరూ చెప్పలేదు. బుద్ధుని దశావతారాలలో ఒకనిగా లెక్కించే మనమే ఆయన ఆరామం మీద రాళ్లు వేయుట ఎంత విచిత్రం!

ఇతర మతాలను గూర్చి పిల్లలకు చెప్పినచో మనవారు దూరమగుదురని కొందరు భయపడుదురు. ఈ కొండ చెప్పే సంగతి వేరు. తెలియకపోవుట వలననే చేయి రాయిని పట్టుకొన్నది. నాలుగు, అయిదు తరగతుల పిల్లలను ఒక ఉదయం ఆ కొండకు తీసుకొని వెళ్లి, సంఘారామం అన్న మాట శంకరంగా ఎట్లు మారినదో, భిక్షువులు వానాకాలం ఒకచోట ఎందుకు నిలిచేవారో చెప్పినచో, తమ పలక మీది ‘సిద్ధం’ అన్న మాటకు ఉన్న చుట్టరికం వారికి కంటికి కనిపించును. ఇది ఏ చట్టానికీ విరుద్ధం కాదు, ఖర్చు కూడా ఎక్కువ లేదు.

గుడి వంతు

పూజ, ప్రార్థన, స్తోత్రం, వ్రతకథ, దైవంపై విశ్వాసం బడి చేయరానివి. ఇవి గుడి చేయవలసినవి. కొత్త అమావాస్య జాతరకు నూకాంబిక అమ్మవారి దర్శనానికి నేల ఈనినట్లు జనం వచ్చుచున్నారు. వారితో పిల్లలు వచ్చుచున్నారు. అమ్మవారు ఎవరు, ఉగాదికి ముందు రోజున ఈ జాతర ఎందుకు, పసుపు కుంకుమల అర్థమేమి అని వారికి కూర్చోబెట్టి చెప్పేవారు ఎందరు? పందిళ్లకు, దీపాలకు, మైకులకు వెచ్చించే ధనంలో కొంత భాగం చాలును. ప్రతి ఆలయంలో ఆదివారం ఉదయం ఒక గంట బాలల తరగతి నడుపవచ్చును. ఒక చాప, ఒక నల్లబల్ల, ఓపిక గల ఒక మనిషి ఉంటే సరి.

ఆ గంటను ఎట్లు పంచవలెనన్నది నా సూచన. ఒకటి, రెండు తరగతుల పిల్లలకు కథ, పాట, పూలు కట్టుట, దీపం వెలిగించుట. మూడవ తరగతివారికి చిన్న శ్లోకాలు, పద్యాలు అర్థంతో. నాలుగు, అయిదు తరగతులవారికి రామాయణ భారత భాగవత కథలు వరుసగా, మధ్యలో ప్రశ్నలతో. హరికథ ఈ ప్రాంతపు సొత్తు. ఆదిభట్ల నారాయణదాసుగారు విజయనగరం కేంద్రంగా దానిని పరాకాష్ఠకు తెచ్చినారు. నెలకొకసారి చిన్న హరికథ పిల్లల చేతనే చెప్పించినచో పతంజలి చెప్పిన మూడవ దశ, అనగా పరులకు చెప్పుట, సిద్ధించును. ఆ తరగతికి రావలెనన్న నిర్బంధం ఎవరికీ ఉండరాదు. వచ్చిన పిల్లవాని కులం అడుగరాదు. ప్రశ్న అడిగిన పిల్లవానిని గద్దింపరాదు. కఠోపనిషత్తులో నచికేతుడు తండ్రిని ప్రశ్నించకపోయి ఉన్నచో ఆ ఉపనిషత్తే లేదు.

ఒక ముఖ్యమైన జాగ్రత్త. “అబద్ధమాడితే దేవుడు కళ్లు తీసివేస్తాడు” వంటి మాటలతో దైవాన్ని పిల్లలకు బూచిగా చూపరాదు. చిన్ననాడు బూచి అయిన దేవుడు, పిల్లవానికి భయం తీరిన నాడు ఇక అక్కరలేనివాడు అగును.

ఇంటి వంతు

ఆచార్య శబ్దానికి యాస్కుడు చెప్పిన వ్యుత్పత్తులలో మొదటిది ఆచారాన్ని గ్రహింపజేయువాడని. ఆచారాన్ని చూపనివాడు గ్రహింపజేయలేడు. ఆ విధంగా పిల్లవానికి మొదటి ఆచార్యులు తల్లిదండ్రులే. వాకిట ముగ్గు, సంధ్యాదీపం, అన్నం ముందు ఒక్క క్షణం చేతులు జోడించుట, గుమ్మంలో నిలిచినవానికి పిడికెడు పెట్టుట, ఇంటి పనిమనిషిని మర్యాదగా పిలుచుట, ఇవన్నీ మాటలు లేని పాఠాలు. ఇంట్లో వీటిలో ఒక్కటి లేనిచో బడిలో పది శ్లోకాలు చెప్పించినను నిలువవు. మనం సాయంకాలం పిల్లవాని చేతికి ఫోను ఇచ్చి, ధర్మం చెప్పలేదని బడి పంతులును నిందించుట తగదు.

శీక్షావల్లి చివర గురువు విద్య ముగించుకొని వెళ్లే శిష్యునికి సత్యం, ధర్మం, స్వాధ్యాయం విడువవద్దని చెప్పి, ఒక అపూర్వమైన మాట చేర్చినాడు. మా నడవడిలో మంచివి ఏవి ఉన్నవో వాటిని మాత్రమే నీవు అనుసరించుము, తక్కినవి వద్దు అన్నాడు. తన శిష్యుడు తనను కూడా తూకం వేయగలవాడు కావలెనని కోరిన గురువు ఆయన. ధర్మబోధకు ఇంతకంటె గొప్ప పరీక్ష లేదు.

కనుక భక్తులకు నా మనవి ఇది. బడిని బడి పని చేయనిద్దాం. అచట అన్ని ఇళ్ల పిల్లలు కలిసి సత్యం, దయ, శుభ్రత, చక్కని మాట నేర్చుకొందురు గాక. గుడిలో బాలల చాప పరచుదాం. ఇంట్లో సంధ్యాదీపం వద్ద పది నిమిషాలు పిల్లలతో కూర్చుందాం. ఎవరి వంతు వారు చేసినచో ఒకరి పని మరొకరిపై మోపవలసిన అవసరం రాదు. వచ్చే విజయదశమి నాటికి మన పరిసరాలలోని ప్రతి ఆలయంలో ఒక ఆదివారపు తరగతి ఆరంభం కావలెనని, అందుకు తగిన సంకల్పాన్ని అమ్మవారు మనకు ప్రసాదించవలెనని ప్రార్థించుచున్నాను.

స్వస్తి.